మాన్యువల్‌లో లేని క్లాక్

కెన్సింగ్టన్ ఎగ్జిట్ దాటిన కాసేపటికే కార్లన్నీ ఆగిపోయాయి. ముందెక్కడో విక్సమ్ దగ్గర ఒక ట్రక్కు మంచు మీద జారి మూడు లేన్లకీ అడ్డంగా పడిందని ఫోన్ చెప్పింది, చెప్పి నోవై దాకా ఎర్ర గీత గీసింది. తొమ్మిదీ ఐదు. పదింటికి మీటింగ్. కృష్ణవేణి కారుని పార్క్ గేర్‌లో పెట్టి స్టీరింగ్ మీంచి చేతులు తీసి ఒళ్ళో పడేసుకుంది. ఆ చేతులు ఎవరివో అన్నట్టున్నాయి. మూడు వారాలుగా సరైన నిద్ర లేదు, పడుకుంటే ఒంట్లోంచి సెగలు, దుప్పటి తీస్తే చలి, లేస్తే మోకాళ్ళు, యాభై ఒకటో ఏడు వచ్చాక శరీరం కూడా పొద్దున్నే ఫిర్యాదుల జాబితా పట్టుకుని ఎదురుగా నిలబడుతోంది. కుడి పక్కన గడ్డకట్టిన కెంట్ లేక్, దాని మీద నీలం రంగు చిన్న డేరా, లోపల ఎవరో మంచుకి కన్నం పెట్టి చేపల కోసం కూర్చుని ఉంటారు, ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ చలిలో కూర్చునే మనుషులు, వాళ్ళకి పదింటికి ఏమీ లేదు. పక్క సీట్లో ఫోన్ మళ్ళీ వెలిగింది. ఆమె టీమ్‌లోని కుర్రాడు అఖిల్ పంపిన డాక్యుమెంట్. తెరిచే ఉంది అది, రాత్రి నుంచీ తెరిచే ఉంది, రెండో పేజీ, మూల కారణం అన్న శీర్షిక కింద ఒక్క వాక్యం: తగిన పరీక్ష చేయకుండా కెమెరాకు సంబంధించిన క్లాక్ లైనును తొలగించిన ఇంజనీరు, శశికాంత్ వేముల. కింద ఖాళీ గడి. అప్రూవ్ చేయవలసినవారు, కృష్ణవేణి కొడాలి.

ఆమె నొక్కితే అయిపోతుంది. ఒక్క వేలు.

రాజారావు నిన్న సాయంత్రం గిన్నెలు కడుగుతూ అదే అన్నాడు. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఆయన గిన్నెలు కడుగుతూ చెప్పిన మాటలే నిజమైన మాటలు, ఎదురుగా చూసి ఏదీ చెప్పడు. "అడిగింది చెప్పు, అడగనిది చెప్పకు. లైను తీసినట్టు కమిట్ రికార్డులో ఎవరి పేరుందో వాళ్ళదే కదా తప్పు. స్మృతికి అక్టోబర్‌లో ట్వంటీ వన్ వస్తుంది, ఆ తరువాత మన వీసా మీద ఉండనివ్వరు, మన గ్రీన్‌కార్డ్ ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలీదు, ఇప్పుడు నీ జాబ్ పోతే ఇంకోటి వెతుక్కోడానికి అరవై రోజులు, లేదంటే దేశం వదలాలి. లెక్కలేమైనా మర్చిపోయావా?" మర్చిపోలేదు. పద్నాలుగేళ్ళుగా వరుసలో నిలబడి ఉన్న మనిషి ఏదీ మర్చిపోదు. ఆన్ ఆర్బర్‌లో చదువుకుంటున్న కూతురు స్మృతి ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు ఓకేనా, నీ వాయిస్ టైర్డ్‌గా ఉంది" అంటే, బాగానే ఉన్నానమ్మా మంచు ఎక్కువగా ఉంది అని చెప్పింది, మంచుకీ గొంతుకీ ఏం సంబంధమో తనకే తెలియకుండా.

ఆ క్లాక్ లైను ఉన్న బోర్డు పని ఆరేళ్ళ కిందట మొదలైంది. కార్లలో డ్రైవరు ముందుండే పెద్ద తెర, పాటలు, మ్యాపు, వెనక్కి పోనిచ్చేటప్పుడు వెనక కెమెరా బొమ్మ, అన్నీ నడిపే ఒక్క బోర్డు. ఇంట్లో ఎవరికి చెప్పినా క్లాక్ అనగానే టైము చూపించే గడియారం అనుకుంటారు. కాదు. చిప్‌లో ప్రతి భాగానికీ ఒక లయ కావాలి, తాళం వేసేవాడు ఉంటేనే భజన నడిచినట్టు, ఆ దెబ్బ ఆగిందా ఆ భాగం అక్కడే బిగుసుకుపోతుంది. అలాంటి క్లాకులు ఆ చిప్‌లో రెండు వందల పద్నాలుగు. ఒక దాన్నుంచి ఇంకొకటి చీలుతుంది, కొన్నిటికి గేట్లు ఉంటాయి, ఎవరూ వాడకపోతే కెర్నల్, అంటే అన్నిటినీ నడిపే మూల సాఫ్ట్‌వేర్, ఆ గేటు మూసేస్తుంది, బ్యాటరీ మిగులుతుందని. ఈ రెండు వందల పద్నాలుగునీ ఎక్కడ రాయాలి? అదీ ఆ చలికాలమంతా ఆమెకీ శశికాంత్‌కీ గొడవ. డివైస్ ట్రీ అనే ఫైలు ఒకటుంటుంది, బోర్డు మీద ఏ భాగం ఎక్కడుంది, దేనికి ఏ క్లాక్ వస్తుంది అని చెప్పే పటం లాంటిది. అందులో ఒక్కొక్కటీ రాయొచ్చు. లేదా పటంలో ఇక్కడ క్లాకుల పెట్టె ఒకటుంది అని ఒక్క ముక్క రాసి, లోపలి వివరాలన్నీ కెర్నల్‌లో భాగమైన డ్రైవర్ అనే కోడ్‌లో పట్టికగా పెట్టొచ్చు. ఆమె పటం అంది. శశికాంత్ డ్రైవర్ అన్నాడు.

హనుమకొండ పిల్లాడు, అప్పటికి ముప్ఫై ఉంటాయేమో, డెట్రాయిట్‌లో మాస్టర్స్ చేసి వచ్చాడు. మొదటి రోజే అక్కా అన్నాడు, ఆఫీసులో అక్కా ఏమిటి అని ఆమె నవ్వింది, అయినా మానలేదు. వైట్‌బోర్డ్ ముందు నిలబడి మార్కర్ మూత పళ్ళతో పట్టుకుని వాదించేవాడు. "అక్కా, ట్రీల రాసింది బోర్డుతోని పుడుతది, బోర్డుతోనే పోతది. మనోళ్ళు దాన్ని ఫ్యాక్టరీల సైన్ చేసి లాక్ చేస్తుండ్రు. కెర్నల్ అయితే కారు ఎక్కడున్నా గాలిల అప్‌డేట్ పంపొచ్చు. డ్రైవర్‌ల రాస్తే తప్పైనా రేపు దిద్దుకోవచ్చు గదా." ఆమె కాఫీ కప్పు కింద పెట్టకుండానే, "తప్పు రాస్తేగా శశీ, దిద్దుకోవాల్సింది" అంది. గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. ఆ నవ్వు ఆమెకి బాగుంది, ఇవాళ కారులో కూర్చుని తలుచుకున్నా ముందు ఆ బాగుండటమే గుర్తొస్తోంది, సిగ్గు ఆ తరువాత వస్తోంది, కుంటుకుంటూ. కానీ ఆమెకీ కారణం ఉంది. శాన్‌హొసేలో మొదటి ఉద్యోగంలో ఒకాయన బోర్డు గురించిన నిజాలన్నీ కోడ్ లోపల ఎక్కడెక్కడో కుక్కి రిటైరైపోతే, ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలియక ఆమె ఎనిమిది నెలలు తవ్వింది. అప్పుడే ఒట్టు పెట్టుకుంది, హార్డ్‌వేర్‌లో ఉన్నది ఉన్నట్టు పటంలోనే రాయాలి, ఎవరు వచ్చి చదివినా తెలియాలి. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ అదే చెప్పేది. శశికాంత్ ఓడిపోయాడు. ఓడిపోయి, పందొమ్మిది వందల పేజీల చిప్ మాన్యువల్ ముందేసుకుని, ఆమె చెప్పినట్టే రెండు వందల పద్నాలుగూ రాశాడు, ఒక్కటి కూడా విసుక్కోకుండా.

ముందున్న కారు రెండడుగులు కదిలి ఆగింది. ఆమె కూడా రెండడుగులు కదిలి ఆగింది. వైపర్లు ఉప్పు నీళ్ళని అద్దం మీద అటూ ఇటూ పూస్తున్నాయి. రాసిన వాటిలో ఒక్క లైను మాన్యువల్‌లో లేదు. ముప్ఫై ఏడో గేటు ఆడియోది అని మాన్యువల్, కెమెరాకి కూడా అదే గేటు కావాలి అని శశికాంత్. కెమెరా ఎదురుగా ఆ క్లాక్ పేరు కూడా చేర్చాడు. అతని కోడ్ సరిచూసే రివ్యూలో ఆమె రాసింది, ఏ మాటలో కూడా గుర్తే: మాన్యువల్‌లో లేనిది మన ట్రీలో ఉండకూడదు, తీసెయ్. కొలిచి చూశానని అతను రాశాడు. చిప్ కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించు అని ఆమె. చిప్ కంపెనీవాళ్ళు జవాబివ్వలేదు, గడువు వచ్చింది, అతను లైను తీసేశాడు. తీసినట్టు అతని పేరే పడింది. ఉన్నది ఉన్నట్టు రాయాలని ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషే ఉన్నదాన్ని తీయించింది. ఐదేళ్ళు ఏమీ కాలేదు, ఎందుకంటే ఆడియో ఆ గేటుని ఎప్పుడూ తెరిచే ఉంచేది, కెమెరా దాని చాటున బతికింది. నవంబర్‌లో ఒక అప్‌డేట్ పంపారు, పాటలు లేనప్పుడు ఆడియో నిద్రపోవాలని. పటంలో కెమెరా పేరు లేదు కనుక, ఆడియో నిద్రపోగానే ఆ గేటు ఇంకెవరికీ అక్కర్లేదనుకుని కెర్నల్ మూసేసింది. రేడియో ఆపి ఉన్న కార్లలో మాత్రమే, రివర్స్ వేస్తే తెర నల్లగా. నలభై ఒక్క ఫిర్యాదులు. పదిహేడో ఫిర్యాదు మిన్నెసోటా నుంచి. తెల్లవారుతుండగా ఒకావిడ ఆఫీసుకి బయల్దేరింది, రోజూ చూసే తెరే కనుక కాస్త వెలుగొస్తుందేమోనని తెర వంకే చూస్తూ కారు వెనక్కి పోనిచ్చింది, డ్రైవ్‌వేలో ఆమె కోసమే మంచు తవ్వుతున్న భర్త. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. కృష్ణవేణి ఆ ఫిర్యాదుని ఎన్నిసార్లు చదివిందో. ఆమె కోసమే మంచు తవ్వుతున్న అని అందులో లేదు, అది తనే చేర్చుకుంది. ఎవరి కోసం తవ్వుతారు మరి పొద్దున్నే.

ఫోన్ మోగింది. అఖిల్. అతనికి ఇరవై ఆరు, కారణం కనిపెట్టింది అతనే, వారం రోజులు ల్యాబ్‌లో కూర్చుని. గొంతులో ఆ సంతోషం దాచుకోవడం ఇంకా రాలేదు.

"కృష్ణవేణి గారూ, ట్రాఫిక్‌లో ఉన్నారా? పర్లేదండి, కార్‌లోంచే జాయిన్ అవ్వండి. లీగల్ వాళ్ళు కూడా వస్తున్నారు. మీరు అప్రూవ్ చేసేస్తే పదింటికి కస్టమర్‌కి పంపేస్తారట."

"అఖిల్, ఆ పేరు అక్కడ ఉండాలా?"

"లీగల్ వాళ్ళే అడిగారండి, ఎవరు చేంజ్ చేశారో రాయమని. గిట్ రికార్డులో ఆయన పేరే ఉంది కదా. అయినా ఆయన ఎలాగూ ఇక్కడ లేరు కదండీ. మనవాళ్ళెవరికీ ప్రాబ్లమ్ రాదు."

మనవాళ్ళు. ఆమె సరే అని పెట్టేసింది. అఖిల్ చెడ్డవాడు కాదు, తనకి దొరికిన కాగితంలో ఏముందో అదే రాశాడు, ఆమె నేర్పినట్టే. పాత రివ్యూల సర్వర్ మూడేళ్ళ కిందట ఆపేశారు, తీసెయ్ అన్న ఆ ముక్క ఇప్పుడు ఎక్కడా లేదు, ఆమె తలలో తప్ప. ఎలాగూ ఇక్కడ లేరు. ఎందుకు లేడు? రెండు వేల ఇరవై మూడు మార్చిలో మేనేజర్ డోనా ప్రతి లీడ్‌నీ ఒక పేరు రాసిమ్మంది, పంపించేయడానికి. కృష్ణవేణి గడి ఖాళీగా వదిలి పంపింది, ఎవరి పేరూ రాయలేదని అప్పట్లో లోపల కాస్త గొప్పగా కూడా అనుకుంది. డోనా శశికాంత్ పేరుతో నింపుకుంది. ఖాళీగా వదిలేశావు కదా, అతన్ని ఉంచమని కూడా రాయలేదు కదా, అని ఎవరూ అడగలేదు. అట్టపెట్టెతో లిఫ్ట్ దగ్గర నిలబడి, "ఏం గాదక్కా, చూస్కుంట" అన్నాడు. అతని భార్య స్పందనకి ఏడో నెల అప్పుడు. అరవై రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు, ఏం మాట్లాడాలో తెలియక, రేపు చేద్దాం, రేపు చేద్దాం అనుకుని. యాభై మూడో రోజున పడమటి తీరంలో బాతెల్ అనే ఊళ్ళో వైద్య పరికరాలు చేసే కంపెనీలో చేరాడని లింక్డ్‌ఇన్ చెప్పింది, కంగ్రాట్స్ అని రాసి సిద్ధంగా ఉన్న బటన్ ఉంటే నొక్కింది. అదే వేలు.

తొమ్మిదీ ముప్ఫై మూడు. అక్కడ ఆరున్నర. ఇంకా లేవలేదేమో అనుకుంటూనే శశికాంత్ నంబర్ నొక్కింది. లేవకపోతే బాగుండునని కూడా అనుకుంది. రెండో రింగ్‌కే ఎత్తాడు. వెనకాల చిన్నపిల్ల ఏదో కావాలని ఇంగ్లీషులో మారాం చేస్తోంది.

"అక్కా? అంతా మంచిదేనా? సారుకు బాగుందా?"

ఇన్నేళ్ళకి ఫోన్ వస్తే మనుషులు ముందు అదే అడుగుతారు. బాగున్నారని చెప్పి, ఆగితే చెప్పలేనేమోనని, అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆడియో నిద్ర, నల్ల తెర, మిన్నెసోటా, రెండో పేజీ. పిల్లని ఎవరో ఎత్తుకున్నట్టున్నారు, ఏడుపు దూరమైంది.

"ముప్ఫై ఏడు," అన్నాడు. "ఆ గేటే గదా."

"అదే."

"ఆ మనిషికి ఎట్లుంది అక్కా?"

మూడు వారాలు, పదకొండు మీటింగులు, ఒక్కరు అడగలేదు ఈ మాట. ఆమె కూడా. "రాడ్ వేశారట. నడుస్తాడనే రాశారు" అంది.

"మంచిది." గొంతు తగ్గించాడు. "ఆ రిపోర్టుల నా పేరు పోతే ఇక్కడికి లెటర్ వస్తదా? వచ్చే నెల నా వీసా ఎక్స్‌టెన్షన్ ఫైల్ చెయ్యాలె. వీళ్ళది కూడా మెడికల్ కంపెనీ గదా, గిట్లాంటివి సూస్తే..." మాట పూర్తి చేయలేదు. "ఏం చెయ్యమంటరు అక్కా? లాయర్‌తోని మాట్లాడాల్నా?"

"నేను తీయమన్నాను కదా శశీ. నువ్వు కొలిచి ఫోటో పంపావు, నేను నమ్మలేదు."

"ఫోటోనా?" అన్నాడు. "ఫోటో పంపలే అక్కా. ల్యాబ్‌కి రమ్మన్న మిమ్మల్ని. గేటు మూస్తే కెమెరా సిగ్నల్ పడిపోతున్నది, ఒక్కసారి కిందికి వచ్చి స్కోప్ తెర మీద గీత చూడున్రి అన్న. వస్తా అన్నరు. సాయంత్రం అయిదింటి దాకా స్కోప్ బంద్ చెయ్యలే, మీరు వస్తరని. ఇంకో టీమోళ్ళు దాని కోసం రెండుసార్లు వచ్చి పోయిన్రు." గొంతులో కోపం లేదు, అలవాటుగా ఎప్పుడో అరిగిపోయిన సంగతి చెప్తున్నట్టే ఉంది. "వద్దన్నందుకు కాదక్కా. వద్దనుడు లీడ్ పని. మీరు రాలే, అంతే. మూడంతస్తులు."

రమ్మన్నాడా. ఫోటో ఎక్కడిదీ మరి, ఆకుపచ్చ గీత పడుతూ లేస్తూ ఉన్న ఆ బొమ్మ ఇన్నేళ్ళుగా ఆమెకి కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోందే, బల్ల మీద స్కోపు, పక్కన అతని మోచెయ్యి. ఎక్కడా లేదన్నమాట. చూసి కూడా నమ్మలేదు అనేది కొంచెం మర్యాదైన తప్పు, ఇద్దరు ఇంజనీర్ల మధ్య అభిప్రాయ భేదం, అందుకే మనసు ఆ బొమ్మని గీసిపెట్టుకుంది. చూడ్డానికే వెళ్ళలేదు అసలు. ఆ మధ్యాహ్నం ఏం చేసింది తను? ఏమీ గుర్తు లేదు. అంత ముఖ్యమైనది ఏదీ అయి ఉండదు. మెయిల్ రాసుకుని ఉంటుంది, టీ తాగి ఉంటుంది, మోకాళ్ళు అప్పటికింకా బాగానే ఉన్నాయి. పక్క లేన్‌లో ఎవరో కారు దిగి ముందుకి తొంగిచూసి, తల అడ్డంగా ఊపి మళ్ళీ ఎక్కారు.

"శశీ, లాయరూ వద్దు, ఏమీ వద్దు. నీ పేరు ఉండదు" అంది.

"మీకెట్లా మరి? మీదింకా హెచ్‌వన్ వీసానే గదా?"

"చూసుకుంటా." ఆ మాట అనగానే లిఫ్ట్ దగ్గర అతను అన్నదీ ఇదే కదా అని తట్టి, మాట మార్చింది. "పాప పేరేంటి?"

"దేదీప్య. రెండున్నర నడుస్తున్నది."

పెట్టేశాక కాసేపు ఏమీ ఆలోచించలేదు. ఆలోచించడానికి కూడా ఓపిక కావాలి. ధైర్యం లాంటిది ఏదీ రాలేదు, రాజారావు మొహం, స్మృతి యూనివర్సిటీ ఫామ్‌లు, అరవై అనే అంకె, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఏదీ బరువు తగ్గలేదు. కేవలం ఇంకొక అబద్ధాన్ని మొయ్యడానికి ఒంట్లో చోటు లేదు. పదింటికి మీటింగ్ తెరిచి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. ఒక్కొక్కరే వచ్చారు, డోనా, అఖిల్, కస్టమర్ అయిన కార్ల కంపెనీ తరఫున ఇద్దరు, లీగల్ నుంచి గ్రెగ్ అనే ఆయన, ఆయన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. అంతా ఇంగ్లీషులోనే. కృష్ణవేణి, నీ అప్రూవల్ ఒక్కటే మిగిలింది అని డోనా అంది, తేలిగ్గా.

"అప్రూవ్ చేయలేను. రెండో పేజీలో పేరు తప్పు" అంది ఆమె. "ఆ లైను ఉండాలని అతను కొలిచి చెప్పాడు. మాన్యువల్‌లో లేదు కాబట్టి తీసేయమని నేను ఆదేశించాను. వచ్చి చూడమని పిలిచాడు. నేను వెళ్ళలేదు. పరీక్ష చేయనిది నేను, అతను కాదు."

అఖిల్ తన కెమెరా ఆపేసుకున్నాడు.

"దీనికి రికార్డు ఏమైనా ఉందా?" డోనా గొంతు మారింది.

"లేదు. పాత రివ్యూ సర్వర్‌లో ఉండేది. నేను చెప్తున్నాను."

కస్టమర్ తరఫున వచ్చిన ఒకావిడ, పేర్ల సంగతి తరువాత, కార్ల సంగతి ఏమిటి, ఆ ట్రీని సరిచేసి పంపగలరా అని అడిగింది. పంపలేమని కృష్ణవేణి చెప్పింది. పటం బోర్డులో తాళం వేసి ఉంది, క్లాకులన్నీ అందులో రాయాలన్నది తను, వద్దు డ్రైవర్‌లో ఉండాలన్నది శశికాంత్. ఇప్పుడు డ్రైవర్‌లోనే రాయాలి, ఈ బోర్డు అయితే కెమెరా ముప్ఫై ఏడో గేటుని కూడా పట్టుకోవాలి, పటం ఏం చెప్పినా సరే అని. మూడు లైన్లు. ఆడియో నిద్రని పోయిన వారమే వెనక్కి తీసుకున్నాం, ఈ మూడు లైన్లూ శుక్రవారానికి పరీక్షించి పంపుతాం, ల్యాబ్‌లో నేను దగ్గరుండి చూస్తాను, నన్ను ఉండనిస్తే. ఆఖరి మాట అనాలని అనుకోలేదు, వచ్చేసింది. డోనా విననట్టే ఉంది. తరువాత, నెమ్మదిగా, శుక్రవారం దాకా నువ్వు ఉండు, ఆ తరువాత హెచ్ఆర్ మాట్లాడుతుంది అంది.

గ్రెగ్ గొంతు సవరించుకున్నాడు. ఆ మాజీ ఉద్యోగితో మీరెవరూ మాట్లాడకూడదు అన్నాడు.

"ఇప్పుడే మాట్లాడాను."

ఆయన ఏదో రాసుకున్న చప్పుడు. ముందు వరసలో ఎర్ర లైట్లు ఒక్కొక్కటే ఆరుతున్నాయి, కార్లు కదలడం మొదలైంది. వెనకవాడు హారన్ కొట్టాడు. ఆమె గేరు మార్చి నెమ్మదిగా పోనిచ్చింది, చక్రాల కింద ఉప్పు పరపరలాడింది. సరే, ఈ పేరు తీసేసి మీది పెడుతున్నాను, స్పెల్లింగ్ చెప్పండి అన్నాడు గ్రెగ్. కే, ఆర్, ఐ, ఎస్, హెచ్, ఎన్, ఏ అని చెప్పింది. కొంచెం ఆగండి, హెచ్ తరువాత ఏమిటి అన్నాడు. ఎన్, నాన్సీలో ఎన్. తరువాత ఏ. వి, విక్టర్‌లో వి. విసుగు రాలేదు ఆమెకి. ఎన్నేళ్ళుగానో ఈ దేశంలో బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో, కేఫుల్లో కృష్ అని చెప్పి సరిపెట్టుకున్న మనిషి, మూడు లేన్ల మంచు మధ్య, ఒక్క అక్షరం కూడా వదలకుండా, మొత్తం పేరు చెప్పింది.

"ఒకసారి చదివి వినిపించండి," అంది. "తప్పు పడకూడదు."

ఆయన చదివాడు. సరిగ్గానే ఉంది.